ఆయకట్టు భూమిలో జూదశాల ఎందుకు వద్దంటున్నాం

(మండల రైతు సంఘం విస్తృత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు అజెండాలో మొదట మూడు అంశాలే ఉన్నాయి. ధాన్యం బకాయిలు, కౌలు కార్డులు, కాలువ పూడిక. నాలుగో అంశం వారం కింద మేమే చేర్చాం. మన కాలువ పక్కన 22 ఎకరాల్లో రిసార్టు కడతామని, అందులో ఒక "రిక్రియేషన్ క్లబ్" ఉంటుందని ప్రతిపాదన వచ్చింది. పంచాయతీ తీర్మానం కోసం పది రోజుల్లో గ్రామసభ ముందు పెడతారట. కాగితం మీద రిక్రియేషన్ క్లబ్ అని ఉంది. ఊళ్లో తిరిగి భూములు అడుగుతున్న మధ్యవర్తులు మాత్రం "గోవాలో ఉన్నట్టు ఉంటుంది, ఇక మీరు గోవా పోనక్కర్లేదు" అని చెబుతున్నారు. కాగితం కన్నా వాళ్ల నోటి మాటే నిజానికి దగ్గరగా ఉందని మేము అనుకుంటున్నాం.

"జూదం మంచిదా చెడ్డదా అన్నది గుళ్లో చెప్పుకునే మాట, రైతు సంఘానికి దాంతో ఏం పని?" అని మనవాళ్లే కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ రోజు నీతులు చెప్పదలచుకోలేదు. భూమి, నీరు, అప్పు, కూలి. ఈ నాలుగింటి లెక్క చెబుతాం. లెక్క తప్పయితే ఇక్కడే నిలబెట్టి అడగండి.

వాళ్లు గోవా పేరు చెప్పారు కాబట్టి ముందు గోవా సంగతే చూద్దాం.

గోవాలో కూడా మొదట జూదం నిషేధమే. 1976లో అక్కడ చేసిన చట్టం జూదాన్ని నిషేధించింది. 1992లో దానికి సవరణ తెచ్చి, ఐదు నక్షత్రాల హోటళ్లలో జూదపు యంత్రాలు పెట్టుకోవచ్చన్నారు. 1996లో ఇంకో సవరణ తెచ్చి, ఓడల మీద టేబుల్ ఆటలు ఆడించుకోవచ్చన్నారు. సముద్రంలో ఓడలంటే ఎక్కడో దూరాన ఉంటాయని జనం అనుకున్నారు. ఆ ఓడలు వచ్చి రాజధాని పణజి ఊరి ముందు మాండవి నదిలో లంగరు వేశాయి. నది నుంచి తీయించండని పణజి జనం, మహిళా సంఘాలు ఏళ్ల తరబడి ఊరేగింపులు చేశారు, అర్జీలు పెట్టారు. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా తీయిస్తామనే చెప్పింది, గడువు పొడిగిస్తూనే పోయింది. ఓడలు నదిలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 2012లో గోవా తన చట్టాన్ని మళ్లీ సవరించింది. గోవా వాళ్లు కాసినోలోకి పోయి ఆడకూడదన్నారు. 2020 ఫిబ్రవరి నుంచి దాన్ని అమల్లో పెట్టామని ప్రకటించారు. అంటే లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వమే "మా పిల్లల్ని మాత్రం లోపలికి రానివ్వం" అంది. అది వినోదమే అయితే, ఉపాధే అయితే, సొంత జనానికి ఎందుకు వద్దన్నట్టు? వంటవాడు తాను వండిన కూర తన పిల్లలకు పెట్టనంటే మనం ఆ కూర ముట్టుకుంటామా?

మరి గోవా వాళ్లు లోపలికి పోకపోతే ఎవరు పోతున్నారు? మనవాళ్లు పోతున్నారు. గోవాలో కొత్తగా కట్టిన మోపా విమానాశ్రయంలో 2023 జనవరి 5న దిగిన మొట్టమొదటి ప్రయాణికుల విమానం హైదరాబాద్ నుంచి వెళ్లిందే. అందులో ఎక్కిన వాళ్లంతా జూదానికి పోయారని మేము అనడం లేదు. కానీ రూము, తిండి, మందు, ఆట కలిపి ప్యాకేజీ అని మన టౌన్లలో ఎవరెవరు మనుషుల్ని పోగు చేస్తున్నారో ఈ హాల్లో తెలియని వాళ్లు లేరు.

ఆ మోపా ఉన్న తాలూకా పేరు పెర్నెం. అదే తాలూకాలో ధార్గళ్ అనే ఊరు ఉంది. ఆ ఊరి కథ మనలాంటి ఆయకట్టు రైతులు తప్పక తెలుసుకోవాలి.

మహారాష్ట్ర, గోవా రెండూ కలిసి తిళారి నది మీద ప్రాజెక్టు కట్టాయి. డ్యాం మహారాష్ట్రలో ఉన్నా, ఖర్చులో 73.30 శాతం గోవాదే. అంత డబ్బు పోసింది పెర్నెం, బార్దేశ్, డిచోలి తాలూకాల పొలాలకు నీళ్లు రావాలని. కాలువ పారే భూమి సేద్యానికే ఉండాలని 1997లో ఆయకట్టు అభివృద్ధి చట్టం కూడా చేసుకున్నారు. ప్రజల సొమ్ముతో నీరు తెచ్చిన భూమిని ఇంకో పనికి వాడకూడదన్నది దాని సారం. మంచి చట్టం. మనం కూడా కోరుకునే చట్టం.

ఆ తర్వాత ధార్గళ్‌లో కాసినోతో కూడిన పెద్ద రిసార్టు ప్రాజెక్టు వచ్చింది. పెట్టుబడుల బోర్డు దానికి ఆమోదం ఇచ్చింది. అడ్డం వచ్చింది ఆయకట్టు చట్టం. చట్టాన్ని ఎత్తేయలేదు, అంత శ్రమ పడలేదు. ఆ భూమినే ఆయకట్టు నుంచి తీసేశారు. మూడు లక్షల చదరపు మీటర్లకు పైగా, అంటే మన లెక్కలో 70 ఎకరాల పైమాట. నిన్నటి దాకా ఆయకట్టు అన్న భూమి, నోటిఫికేషన్ వచ్చిన మర్నాటి నుంచి ఆయకట్టు కాదు. అక్కడి రైతులు, ఊరి జనం వద్దని గొంతెత్తారు. వాళ్ల అభ్యంతరం సూటిగానే ఉంది. నీళ్లు మా పొలాల పేరు చెప్పి తెచ్చారు, మరి పొలాలకు ఇవ్వండి అని.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి? చట్టం ఉంది కదా అని ఇంట్లో కూర్చుంటే చట్టం మనల్ని కాపాడదు. భూమి పేరు మార్చడానికి ఒక్క కాగితం చాలు. ఆ కాగితం మీద సంతకం పడ్డాక ఏళ్ల తరబడి పోరాడాలి. సంతకం పడకముందు పోరాడితే పని సులువు. మన దగ్గర ఇంకా సంతకం పడలేదు. అందుకే ఇంత తొందర పడుతున్నాం.

ఇప్పుడు మన భూమి దగ్గరికి వద్దాం.

అడుగుతున్న 22 ఎకరాలూ సార్వా, దాళ్వా రెండు పంటలు పండే భూమి. దాని మీదుగా రెండు బోదెలు పోతున్నాయి. దిగువన ఉన్న చేలన్నిటికీ ఆ బోదెలే ఆధారం. రిసార్టు కట్టాలంటే ముందు భూమిని మెరక చేస్తారు. డెల్టాలో పుట్టిన వాళ్లకు మెరక అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఒకడు తన భూమి నాలుగు అడుగులు లేపితే పక్కవాడి చేలో నీరు నిలుస్తుంది. ఇప్పటికే తుపాను పట్టిందంటే మురుగు దిగక వారం రోజులు పైరు మునిగి ఉంటోంది. దానికి తోడు అక్కడ ఈతకొలను, లాను, గదులు అంటే నీరు కావాలి. కాలువ నుంచి తీస్తారా, బోరు వేస్తారా? ఆ కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

"రేటు పెరుగుతుంది కదా" అనే మాట అందరికంటే ముందు వస్తోంది. పెరుగుతుంది, కాదనం. కానీ ఎవరికి పెరుగుతుంది? అమ్ముకుని పోయేవాడికి పెరుగుతుంది. చేసుకునేవాడికి ఖర్చే పెరుగుతుంది. మన ఊళ్లో నాగలి పట్టేవాళ్లలో ఎక్కువ మంది కౌలుదార్లు. ఎకరం రేటు పెరిగిన రోజున కౌలు బస్తాలు కూడా పెరుగుతాయి. ఆ తర్వాత సంవత్సరం ఆసామి "కౌలుకివ్వను, ఖాళీగా ఉంచుతాను, ప్లాట్లు వేస్తారట" అంటాడు. అప్పుడు కౌలు రైతు కాడి ఎక్కడ దించుకోవాలి? వాళ్ల వెనకాల నాటుకు, కోతకు, కుప్పకు పోయే ఆడకూలీలు ఎక్కడికి పోవాలి?

"ఉద్యోగాలు వస్తాయి" అనేది రెండో మాట. కొన్ని వస్తాయి. ఒక్కటి కూడా రాదని చెబితే మేము అబద్ధం చెప్పినట్టు. గేటు దగ్గర, వంటగది దగ్గర, గదులు ఊడ్చే దగ్గర మన పిల్లలకు కొన్ని పనులు దొరుకుతాయి. అవి ఎన్ని, జీతం ఎంత, ఎన్నేళ్లు అన్నది కాగితం మీద రాసివ్వమనండి. మేము అడిగాం. "ముందు తీర్మానం ఇవ్వండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ధాన్యం తోలాక రేటు చెబుతానన్న కమీషన్‌దారుకి, ఈ మాటకి తేడా ఏముంది?

ఇక లోపల జరిగే ఆట లెక్క చూద్దాం. గెలుపు ఓటములు అదృష్టమని చాలామంది అనుకుంటారు. కాసినో యజమానికి అందులో అదృష్టంతో పనిలేదు. ఒక్క ఆట చెబుతాం. రౌలెట్ అని చక్రం ఉంటుంది. దాని మీద 0 నుంచి 36 దాకా 37 అంకెలుంటాయి. మనం పెట్టిన అంకె మీద బంతి ఆగితే 100 రూపాయలకు 3,500 ఇస్తారు, మన 100 మనకి తిరిగి వస్తుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. ఇప్పుడు 37 అంకెల మీదా తలా 100 పెట్టామనుకోండి. 3,700 పెట్టాం. ఏ అంకె వచ్చినా మన చేతికి వచ్చేది 3,600. వంద రూపాయలు యజమానివి. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, చక్రం తిరిగిన ప్రతిసారీ నూటికి 2 రూపాయల 70 పైసలు సగటున ఆయన పెట్టెలో పడతాయి.

"రెండు రూపాయల డెబ్బై పైసలేగా" అనుకోవద్దు. కాటా దగ్గర బస్తాకి కిలో తరుగు తీస్తే రోడ్డెక్కిన వాళ్లం మనం. అక్కడ తరుగు బస్తాకి ఒక్కసారే తీస్తారు. ఇక్కడ అదే డబ్బు మీద చక్రం తిరిగినన్ని సార్లు తీస్తారు. ఆటకు 500 చొప్పున గంటకు 40 ఆటలు ఆడినవాడు 20,000 రూపాయలు తిప్పినట్టు. అందులో సగటున 540 రూపాయలు తరుగు. రాత్రి 8 గంటలు కూర్చుంటే 4,300 దాటుతుంది. అది కూడా చక్రం నిజాయితీగా తిరిగితే. ఒకరోజు గెలిచినవాడు మర్నాడు రాకుండా ఉండడు. గెలిచిన కథ ఊరంతా చెబుతాడు, పోయిన కథ ఇంట్లో కూడా చెప్పడు. అందుకే గెలిచినవాళ్లే ఎక్కువ ఉన్నట్టు మనకు కనిపిస్తుంది.

పేకాటది ఇంకో దారి. 1968లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి అచ్చయింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు అది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని కోర్టు చెప్పింది. క్లబ్బుల వాళ్లంతా ఈ ముక్కనే పట్టుకుని తిరుగుతారు. అదే తీర్పులో, ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా ఉంది. ఆ రెండో ముక్క ఎవరూ చదవరు. "రిక్రియేషన్ క్లబ్" అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మన రాష్ట్రంలో చట్టం ఏం చెబుతోందో కూడా తెలుసుకోవాలి. 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం జూదగృహం నడపడం నేరం, అందులో ఆడడమూ నేరమే. తెలంగాణలో 2017లో, మన ఆంధ్రలో 2020లో ఈ చట్టాన్ని సవరించి ఫోన్లలో డబ్బు పెట్టి ఆడే ఆటల్నీ నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కాసినోల మీద జీఎస్టీని 28 నుంచి 40 శాతానికి పెంచారు. ఒక పక్క ఫోన్‌లో జూదం కొంపలు ముంచుతోందని పార్లమెంటే ఒప్పుకుంటే, అదే జూదాన్ని కాలువ గట్టు మీదకు తెచ్చి అభివృద్ధి అని పిలవమంటున్నారు. గోవాలో 1992లో ఏం జరిగిందో మళ్లీ గుర్తు చేసుకోండి. అక్కడ కూడా సవరణ రాక ముందు నిషేధమే ఉంది. కట్టడం ముందు లేస్తే, చట్టం దాని వెనకాల నడిచి రావడం మనం చాలాచోట్ల చూశాం.

ఇక అప్పు మాట. సార్వా డబ్బులు చేతికొచ్చేది సంక్రాంతి ముందు. బరులు కట్టేదీ అప్పుడే. కోడి పందేల పక్కన గుండాట, కోతముక్క బల్లలు వేసేదీ అప్పుడే. కోర్టులు వద్దన్నా మూడు రోజులు జరిగిపోతోంది. ఆ మూడు రోజులకే మాఘమాసం వచ్చేసరికి మన సంఘం ఆఫీసుకు ఎవరెవరు వస్తున్నారో మాకు తెలుసు. పోయిన ఏడాది ఒక చెల్లెమ్మ వచ్చింది. ఊరు, పేరు చెప్పం. భర్త కౌలు రైతు. ఆయన సంపాదన పోగొట్టడమే కాదు, ఆవిడ డ్వాక్రా రుణం డబ్బు కూడా తీసుకుపోయాడు. ఆవిడ అడిగింది మాఫీ కాదు, సాయం కాదు. "కంతు కట్టకపోతే గ్రూపులో మిగతా తొమ్మిది మంది మీద పడుతుందండీ, వాళ్లకు నేను మొహం ఎలా చూపించను? ఎక్కడన్నా కూలి పని చూపించండి" అంది. మూడు రోజుల ఆటకు ఇదీ సంగతి. ఏడాదికి 365 రోజులు ఊళ్లోనే తలుపులు తెరిచి ఉంచితే ఎన్ని ఇళ్లు ఈ వరసలోకి వస్తాయో మీరే ఆలోచించండి.

పంటల బీమా రాకపోతే అడుగుతాం. మద్దతు ధర రాకపోతే ధర్నా చేస్తాం. అంత కష్టపడి బస్తాకు యాభయ్యో వందో రాబట్టుకుని, ఒక్క రాత్రిలో చక్రానికి ఒప్పజెప్పడానికా? రైతుల అప్పుల మీద పోరాడే సంఘం కొత్త అప్పుకు ఊళ్లో పునాది వేస్తుంటే చూస్తూ ఊరుకోలేదు. అందుకే ఇది మన పని.

"డబ్బున్న వాళ్లను, పలుకుబడి ఉన్న వాళ్లను మనం ఆపగలమా?" అని అడిగేవాళ్లకు దూబగుంట గుర్తు చేస్తాం. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో తమ ఊళ్లో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ లాంటి మామూలు పల్లెటూరి స్త్రీలు ముందు నిలబడ్డారు. ఊరి నుంచి ఊరికి అది పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. సారా వేలం అంటే ఆనాడు ప్రభుత్వానికే ఆదాయం. ప్రభుత్వాన్నే కదిలించిన ఆడవాళ్లు వాళ్లు. అయితే 1997లో ఆ నిషేధం సడలించారన్నది కూడా మరిచిపోకూడదు. గెలిచాక కమిటీలు ఇళ్లకు పోయిన చోట ఓడిపోవడం మొదలైంది. మనం ఈ గ్రామసభలో గెలిచినా కమిటీ ఉండి తీరాలి. ఈ 22 ఎకరాలు కాకపోతే రేపు ఇంకో 22 ఎకరాలు చూస్తారు.

ఇక చేయవలసిన పనులు.

ఒకటి. సమాచార హక్కు చట్టం కింద మూడు చోట్ల దరఖాస్తు పెడుతున్నాం. పంచాయతీ, తహశీల్దారు ఆఫీసు, జలవనరుల శాఖ. ఎవరు, ఏ సర్వే నంబర్ల మీద, ఏ పని కోసం అనుమతి అడిగారు, బోదెల మీద అభిప్రాయం ఏం రాశారు అన్న కాగితాలన్నీ కావాలి. "అట అట" అన్న మాటలతో గ్రామసభకు పోతే నవ్వుతారు.

రెండు. 1997 చట్టం ప్రకారం మనకు నీటి సంఘాలున్నాయి. ఆ నీటి సంఘం నుంచి, దిగువ ఆయకట్టు రైతుల సంతకాలతో విడిగా అభ్యంతరం రాయిస్తాం. బోదె కింద ప్రతి సర్వే నంబరూ, సాగుదారు పేరూ అందులో ఉండాలి. ఆసామి పేరు ఒక్కటే రాసి వదిలేయకండి. కౌలుదారు పేరు తప్పకుండా ఉండాలి.

మూడు. డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు గ్రామసభకు కట్టగట్టుకుని రావాలి. పొద్దున పది గంటలకు సభ అంటే మగవాళ్లు పొలం నుంచి వచ్చేసరికి తీర్మానం అయిపోయిందనిపించే అలవాటు మన దగ్గర ఉంది. ఈసారి సంతకాల పుస్తకం చదివించాకే సంతకం పెట్టండి. చేతులెత్తి లెక్క పెట్టమనండి. ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు అన్నది మినిట్స్‌లో ఎక్కించమనండి.

నాలుగు. భూమి అగ్రిమెంటు రాసిచ్చిన వాళ్లలో ఇద్దరు మన సంఘం సభ్యులే. వాళ్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఒకాయన కూతురి పెళ్లి అప్పుతో రాసిచ్చాడు, ఇంకొకాయన రెండు పంటలు మునిగి రాసిచ్చాడు. వాళ్ల కష్టానికి మనం దారి చూపించకుండా తప్పు పట్టడం సంఘం పద్ధతి కాదు. సొసైటీ నుంచి రుణం తిరగరాయించే విషయం కమిటీ ఇప్పటికే మాట్లాడుతోంది.

ఐదు. గొడవలు వద్దు. మధ్యవర్తుల మీద చెయ్యి చేసుకున్నా, సర్వే రాళ్లు పీకినా కేసులు మన మీద పడతాయి, అసలు సంగతి పక్కకు పోతుంది. అలాగే ఎన్నికల మాటలు కూడా వద్దు. ఈ హాల్లో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. చేను మునిగేటప్పుడు నీరు ఏ పార్టీ చేనా అని చూడదు.

గ్రామసభలో పెట్టే తీర్మానం ముసాయిదా నాలుగే వాక్యాలు. ఆయకట్టు భూమిని జూదానికి గానీ, జూదానికి దారి తీసే క్లబ్బుకు గానీ ఇవ్వడానికి ఈ గ్రామసభ ఒప్పుకోదు. బోదెల మీద, మురుగు కాలువల మీద ఏ కట్టడానికీ ఒప్పుకోదు. ఈ భూముల్లో సాగు చేస్తున్న కౌలు రైతులందరికీ కార్డులు ఇవ్వాలి. కాలువ పూడిక దాళ్వా లోపు తీయించాలి. "వద్దు" అన్న మాటతో పాటు "కావాలి" అన్న మాట కూడా ఉండాలనే చివరి రెండూ పెట్టాం. భూమి గిట్టుబాటు అయితే దాన్ని అమ్మమని అడిగే ధైర్యం ఎవడికీ రాదు.

కాపీలు బయట బల్ల మీద ఉన్నాయి. వెళ్లేటప్పుడు వీధికి ఒకరు చొప్పున తీసుకెళ్లండి. చదవడం రాని ఇంట్లో కూర్చుని చదివి వినిపించండి. ఎవరికన్నా అనుమానం ఉంటే సంఘం ఆఫీసుకు తీసుకురండి, రాత్రి తొమ్మిది దాకా తీసే ఉంటుంది. సంతకాలు ఆదివారం సాయంత్రానికి అందాలి.